నాకు కనిపించని పచ్చదనం

రైల్వే ఉద్యోగానికి రాత పరీక్ష పాసై, కంటి పరీక్షకు వెళ్ళిన రోజున నా గురించి నాకు తెలియని సంగతి ఒకటి బయటపడింది. డాక్టరు నా ముందు ఒక పుస్తకం తెరిచారు. పేజీ నిండా చిన్నా పెద్దా రంగు చుక్కలు.

"ఇందులో ఏ అంకె ఉంది?" అన్నారు.

నాకు చుక్కలే కనిపించాయి. ఆయన పేజీ తిప్పారు. అక్కడా చుక్కలే. నాలుగైదు పేజీలు తిప్పాక పుస్తకం మూసేశారు.

"ఎరుపుకూ ఆకుపచ్చకూ నీకు తేడా తెలీదు. ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదా?"

ఎవరు చెబుతారు? చిన్నప్పుడు మా నాయన గట్టు మీద నిలబడి "చేను పచ్చగుండాది" అంటే, నాకు కనిపించేదాన్నే పచ్చ అంటారనుకున్నాను. ఎర్ర నేల అంటే దానికే ఇంకో పేరనుకున్నాను. ఎదుటివాళ్ళ కళ్ళలో దూరి చూసే వీలు లేదు కదా. అప్పటికి నాయన పోయి రెండేళ్ళు. అమ్మ అంతకుముందే పోయింది. అక్క హిందూపురంలో కాపురం చేసుకుంటోంది. ఉద్యోగం ఏమైందని ఉత్తరం రాస్తే, పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ అని జవాబు రాశాను. అసలు సంగతి రాయలేదు.

తొంభైల చివర్లో కదిరి బస్టాండు వెనక సందులో ఉన్న ఒక ఫోటో స్టూడియోలో పనికి చేరాను. రంగులు తెలియనివాడు ఫోటోల పనికి పోవడమేమిటని ఇప్పుడు వినేవాళ్ళకు నవ్వు రావచ్చు. ఆ స్టూడియో వెనక ఒక డార్క్‌రూమ్ ఉంది. యజమాని అరవై దాటిన పెద్దాయన. వయసంతా నలుపు తెలుపు ఫోటోలతోనే గడిపినవాడు. పెళ్ళిళ్ళకు తీసే కలర్ రీళ్ళు కడగడానికి అనంతపురం ల్యాబుకు బస్సులో పంపేవాళ్ళం. పాస్‌పోర్టు సైజు ఫోటోలూ, పరీక్షల హాల్ టికెట్లకు కావలసినవీ మాత్రం ఆ చీకటి గదిలోనే కడిగేవాళ్ళం. ఆ గదిలో వెలిగేది ఒక్క ఎర్ర బల్బు. దాని కింద గోడైనా చెయ్యైనా కాగితమైనా వెలుగూ నీడా తప్ప ఇంకేమీ కాదు. పెద్దాయనకు కనిపించేదే నాకూ కనిపించేది. ట్రేలోని మందు నీళ్ళలో తెల్ల కాగితం మీద ఒక ముఖం మెల్లగా తేలుతుంటే ఇద్దరం ఒకేసారి చూసేవాళ్ళం. నాకు ఆ గది విడిచి రాబుద్ధయ్యేది కాదు.

నా సంగతి ఆయనకు తెలియడానికి ఆరు నెలలు పట్టింది. చనిపోయినవాళ్ళ పాత ఫోటోలు పెద్దవి చేసి, సన్న కుంచెతో రంగులు అద్ది, ఫ్రేము కట్టి ఇచ్చే పని అప్పటికింకా మిగిలుండేది. రంగు ట్యూబుల మీద పేర్లు చదివి నేను నెట్టుకొస్తున్నాను. ఒకరోజు పేరు చెరిగిపోయిన ట్యూబు చేతికొచ్చింది. ఎర్ర తలపాగా చుట్టుకునే ఒక ముసలాయన తలకు ఆకుపచ్చ తలపాగా చుట్టి, ఎండకు పెట్టి, నా పనికి నేనే మురిసిపోయాను. పెద్దాయన వచ్చి చూశాడు. దూదితో ఆ రంగంతా తుడిచేసి, తనే కూర్చుని మళ్ళీ వేశాడు. ఆ ఇంటివాళ్ళు వచ్చి ఫోటోకు దండం పెట్టుకుని తీసుకుపోయాక నన్ను డార్క్‌రూమ్‌లోకి పిలిచాడు.

"ఎన్నాళ్ళ నుంచిరా ఇట్ల?"

"పుట్టినప్పట్నుంచి సార్."

"ఎవురికీ చెప్పొద్దు. ఫోటోలు తీసేవానికి రంగులు కనపడవంటే మన అంగడి మెట్టు ఎవురూ ఎక్కరు." మళ్ళీ అన్నాడు. "నాకు తెలిసినట్టు కూడా అనుకోవద్దు. పని చేసుకో."

వారం తర్వాత నా చేతిలో ఒక పాత కెమెరా, గుండ్రటి గాజు బిళ్ళ ఒకటి పెట్టాడు. అది లెన్సు ముందు బిగించే ఎర్ర ఫిల్టరు. "దీన్ని కంటికి పెట్టుకుని చేను చూడు" అన్నాడు.

ఆదివారం స్టూడియోకు సెలవు. దొరికిన బస్సెక్కి ఏదో ఒక గుట్ట దగ్గర దిగి నడిచేవాణ్ణి. మా సీమ నేల చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్లు, నీళ్ళు పారడం మరిచిపోయిన వంకలు, అక్కడక్కడా తంగేడు పొదలు, మిగిలినదంతా ఆకాశం. మొదటిసారి ఆ గాజు బిళ్ళ కంటికి పెట్టుకున్నాను. ఒకే గుడ్డ పరిచినట్టు కనిపించే చేను సాళ్ళు సాళ్ళుగా విడిపోయింది. మట్టి తేలిపోయి తెల్లబడింది. ఆకు నల్లబడింది. ఇక్కడ నేల, ఇక్కడ మొక్క అని వేలు పెట్టి చూపించగలిగాను. పక్కన ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ చూపించలేదు.

ఫిల్టరు పెట్టి తీస్తే నలుపు తెలుపు ఫిల్మ్ మీద కూడా అలాగే వచ్చేది. అప్పటినుంచి నేల ఫోటోలకు నలుపు తెలుపు తప్ప వేరేది పెట్టలేదు. కలర్ రీలు పెడితే నేనేం తీశానో నాకే తెలియదు. ఇంకొకరు చూసి చెప్పాలి. స్టూడియో వెనక గదిలో నేను పడుకునే చోట గోడ మీద ఆ ఫోటోలు అంటించుకున్నాను. ఎప్పుడైనా అటు తొంగి చూసినవాళ్ళు ఒకటే అడిగేవాళ్ళు. "ఏమప్పా, ఇందులో మనుషులే లేరే?" మనుషులు ఉంటే మాట్లాడాల్సి వస్తుందని జవాబు చెప్పలేక నవ్వేవాణ్ణి. నాలుగేళ్ళు అలాగే గడిచాయి.

అట్లాంటి ఒక ఆదివారం, తొలకరికి ముంగారు వానలు నేల నానేలా రెండు పదునులు పడిన ఏడు, పుట్టపర్తి దారిలో దిగి లోపలికి నడిచాను. గుట్ట కింద ఒంటరిగా ఒక చేను, దాని పక్కన ఒంటరిగా ఒక ఇల్లు. ఒకామె కూర్చుని కలుపు తీస్తోంది. నలభై ఏళ్ళుంటాయి. నా కెమెరా చూసి లేచింది.

"ఏమప్పా, గవర్మెంటోనివా?"

"కాదక్కా. కదిరిలో స్టూడియోలో పని చేస్తా. ఊరికే తీస్తాండా."

"ఊరికే తీస్తారా ఎవురన్నా?" అంది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. తర్వాత చేను వైపు చెయ్యి చూపించింది. "తీసేదుంటే దీన్ని తియ్యి. మా ఆయప్పకు పంపియ్యల్ల."

ఆమె భర్త బెంగుళూరులో కట్టడాల పనికి పోయి ఏడాదైంది. వరసగా రెండేళ్ళు పంట పోతే, ఈ నేలను నమ్ముకుంటే అయ్యేది లేదని, ఆడ కుదురుకున్నాక నిన్నూ పిలిపిస్తానని చెప్పి పోయాడు. ఆమెకు పోవడం ఇష్టం లేదు. ఈ సారి శెనిక్కాయ బాగా మొలిచింది. అది కళ్ళతో చూస్తే తిరిగొస్తాడని ఆమె ఆశ. ఉత్తరం రాయించింది గానీ అతను నమ్మలేదట. పక్క ఊరివాళ్ళు మూడు వారాల్లో బెంగుళూరు పోతున్నారు. వాళ్ళ చేత ఫోటో పంపాలి.

కెమెరాలో ఉన్నది నలుపు తెలుపు రీలు. దాంతోనే తీశాను. ఎర్ర ఫిల్టరు పెట్టి, సాళ్ళన్నీ విడివిడిగా కనిపించేలా, వెనక గుట్ట, పైన రెండు మబ్బులు. ఆ వారం ఎంతో శ్రద్ధగా ప్రింటు చేశాను. నేను తీసినవాటిలో మంచి ఫోటో అదేనని ఇప్పటికీ అనుకుంటాను. ఆదివారం తీసుకుపోయి ఇచ్చాను.

ఆమె చాలాసేపు చూసింది.

"ఇదేందప్పా, బూడిద పోసినట్టుండాది. నా చేను ఇట్లుండాదా?"

"నలుపు తెలుపక్కా. బాగొచ్చింది చూడు, ఒక్కో సాలూ..."

"ఎవురన్నా సచ్చిపోతే గోడకు తగిలిచ్చే ఫోటో మాదిరుండాది. ఇది చూసినాడంటే ఇంగ ఈ తట్టు తిరిగి చూడడు. రంగుల్ది తియ్యి."

నేనేవో సాకులు చెప్పాను. రంగుల ఫోటో కొన్నాళ్ళకు వెలిసిపోతుందన్నాను. ఇది వందేళ్ళుంటుందన్నాను.

"నాకు వందేండ్లెందుకు? ఆయప్ప వచ్చేదాకా ఉంటే సాలు."

పోదామని లేచాను. అంత దూరం వచ్చానని ఆమెకు జాలి వేసినట్టుంది. ఇంటి వెనక వాడుక నీళ్ళు పారే చోట నాలుగు టమోటా చెట్లున్నాయి. "ఉత్త చేతుల్తో పోవద్దు. పండ్లు ఉండాయి, కోసుకో" అంది. నేను పోయి ఒడినిండా కోసుకొచ్చాను. ఆమె నా ఒడి వైపు, నా ముఖం వైపు చూసింది.

"పండ్లు కోసుకోమంటే అన్నీ పచ్చికాయలు కోసినావేందప్పా?"

పెద్దాయన చెప్పొద్దన్న మాట గుర్తుంది. కానీ ఆ మధ్యాహ్నం ఆ పెరట్లో అబద్ధం నోటికి రాలేదు. చెప్పేశాను. రైల్వే పరీక్ష, చుక్కల పుస్తకం, తలపాగా, అన్నీ. నా అంతట నేను ఆ సంగతి ఒక మనిషికి చెప్పడం అదే మొదలు. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అయితే నీకు ఈ చేను ఎట్ల కనపడతాది?"

"నేలా మొక్కా ఒకటే మాదిరి."

"అయ్యో" అంది. చేను వైపు తిరిగి చూసి, "అయితే నీకు ఎప్పుడూ కరువే కదప్పా" అంది.

ఎర్ర ఫిల్టరు ఆమె చేతికిచ్చాను. కంటికి పెట్టుకుని అటూ ఇటూ తిరిగింది. "అంతా ఎర్రగుండాది, ఏముండాది ఇందులో?" అని తిరిగిచ్చేసింది.

మరుసటి ఆదివారం కలర్ రీలు వేసుకుని వెళ్ళాను. సాయంత్రం ఎండ వాలేదాకా ఆమె నా పక్కన నిలబడి చెప్పింది. ఈ మూలన ఆకు బాగా పచ్చగుండాది. ఆడ కొంచెం పసుపు తిరిగింది, అది రానియ్యొద్దు. గట్టు దగ్గర మన్ను శానా ఎర్రగుండాది, అది కొంచెం రానీ, అది లేకుంటే మన చేను మాదిరి ఉండదు. ఆమె చెప్పిన చోట నిలబడి, చెప్పినవి ఫ్రేములోకి తెచ్చి, నాకు కనిపించని ఫోటో తీశాను. తొమ్మిదిసార్లు నొక్కాను. నా పక్కన నిలబడి ఏది ఏ రంగో విసుగు లేకుండా చెప్పిన మనిషి అంతకు ముందు ఎవరూ లేరు. ఆ సాయంత్రం బస్సులో కూర్చున్నాక కిటికీలోంచి పోయే ప్రతి చేనునూ చూస్తూ, ఇది ఏ రంగై ఉంటుంది, ఇది ఏ రంగై ఉంటుంది అనుకుంటూ కదిరి చేరాను.

ల్యాబు నుంచి ప్రింట్లు వచ్చాయి. పెద్దాయనకు చూపించాను.

"బాగుండాయా సార్?"

ఆయన వెలుతురులోకి తీసుకుపోయి చూశాడు. "ల్యాబోడు పచ్చ కొంచెం ఎక్కువేసినాడు. కోనసీమ మాదిరుండాది." మళ్ళీ చూసి, "ఉండనీలే. చూసేదానికి బాగుండాది" అన్నాడు.

తిరిగి పంపించి సరిచేయించవచ్చు. కానీ బెంగుళూరు పోయేవాళ్ళు రెండు రోజుల్లో బయలుదేరుతున్నారు. అలాగే ఇచ్చేశాను. ఆమె కూడా కనిపెట్టింది. "ఇంత పచ్చగ ల్యాదే" అంది. ఒక క్షణం తటపటాయించి, పైటకొంగులో చుట్టుకుంది. "పోనీలే. ఇట్లుంటే ఇంకా బిరీన వస్తాడు."

ఆ తర్వాత నలభై రోజులు వాన లేదు. వేరుశెనగ పూల నుంచి ఊడలు భూమిలోకి దిగి కాయ పట్టాల్సిన సమయం అది. నేల రాయిలా గట్టిపడింది. అప్పుడు, అంతా అయిపోయాక, నాలుగు రోజులు ముసురు పట్టింది. పెళ్ళిళ్ళ పనుల్లో పడి నేను అటు పోలేదు. పంట చేతికొచ్చి శెనిక్కాయ చెట్లు పీకే రోజుకు వచ్చి ఫోటో తియ్యాలని ఆమె ముందే మాట తీసుకుంది. ఆ మాట కోసం కార్తీకంలో ఒక ఆదివారం కలర్ రీలు వేసుకుని పోయాను.

చేనులో ఇద్దరున్నారు. అతను వచ్చేశాడు. ఎత్తుగా, ఎండకు నల్లబడిన మనిషి. వంగి చెట్లు పీకుతున్నాడు. కొన్ని పీకి నిలబడ్డాడు.

"నువ్వేనా ఫోటో తీసింది?"

"నేనేనన్నా."

"ఫోటోలో బాగుండాది" అన్నాడు. ఎత్తిపొడుపు లేదు. కోపం లేదు. చేతిలోని చెట్టును తిరగేసి నాకు చూపించాడు. పైన గుబురుగా ఆకు. కింద ఉత్త వేర్లు. ఒక్క వేరుకు ఒక్క కాయ వేలాడుతోంది, అది కూడా లొట్ట. ఇంకొకటి పీకాడు. అదీ అంతే. చేనంతా అంతేనన్నాడు. ముసురుకు ఆకు తిరిగి పచ్చబడింది గానీ కింద ఏమీ ఊరలేదు.

"ఆ ఫోటోలో పచ్చ ఎక్కువ పడిందన్నా. ల్యాబులో..." అని మొదలుపెట్టాను.

"నీదేం తప్పు ల్యాదప్పా" అంది ఆమె, అతని వెనక నుంచి. "పచ్చగుండాదని చెప్పింది నేను. అప్పుడు పచ్చగనే ఉన్నింది."

"పని వదిలేసి వచ్చినా" అన్నాడు అతను, నాతో కాదు, చేనుతో అన్నట్టు. తర్వాత నా వైపు తిరిగి, "వచ్చినావు కదా, ఇది కూడా తియ్యి" అన్నాడు. చెట్టును వేర్లు పైకి కనిపించేలా ఛాతీ ముందు పట్టుకుని నిలబడ్డాడు. తీశాను. ఆమె ఆ రోజు పక్కకొచ్చి రంగులు చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ ప్రింటు స్టూడియో బల్ల మీద ఉంటే, వచ్చినవాళ్ళు చూసి అన్నారు. "ఈ సారి వీళ్ళకు పంట బాగొచ్చినట్టుందే." ఒకరు కాదు, ముగ్గురన్నారు. అందులో ఇద్దరు సేద్యం చేసేవాళ్ళే. ఆకు చూసి ఆగిపోయారు. నాకు ఆ ఆకు పచ్చగా కనిపించదు కాబట్టి నేను మొదటినుంచీ వేర్లనే చూస్తున్నాను. వాళ్ళ కళ్ళు అక్కడికి ఎందుకు పోవడం లేదో నాకు అర్థం కాలేదు. పెద్దాయనకు చెప్పాను. ఆయన నెగెటివ్ తీసుకుని, "రా" అని డార్క్‌రూమ్‌లోకి నడిచాడు. ఆ కలర్ నెగెటివ్‌నే నలుపు తెలుపు కాగితం మీద ప్రింటు చేశాం. కొంచెం మసకగా, గరుకుగా వచ్చింది. అందులో ఆకు లేదు, చొక్కా లేదు, నేల లేదు. అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. తెల్లటి ఆకాశం మీద నల్లగా ఉత్త వేర్లు, వాటి వెనక అతని ముఖం. దాన్ని బల్ల మీద పెడితే, చూసినవాళ్ళు ఎవరూ పంట బాగుందనలేదు. "అయ్యో, కాయలే ల్యావే" అన్నారు.

ఏది మంచిదని అడిగితే ఆ రోజు నాకు జవాబు తెలిసినట్టే అనిపించింది. కానీ వాన పడిన వారం ఆ చేను నిజంగానే పచ్చగా ఉండేది. మొదటి ఫోటోలో దాన్ని బూడిద పోసినట్టు చూపించినవాణ్ణి నేనే. ఆమె మాటే నిజం. వేర్ల ఫోటోను రంగుల్లో ఒకటి, నలుపు తెలుపులో ఒకటి పక్కపక్కన పెట్టుకుని ఎన్నిసార్లు చూశానో. ఫిల్మ్ మీద నేల ఏ రంగులో రావాలో నేను నా కళ్ళకు అనువుగా తేల్చుకున్నానే తప్ప, ఆ నేల మీద ఉన్నవాళ్ళను అడిగి కాదు.

నలుపు తెలుపు ప్రింటు వాళ్ళకు ఇద్దామని రెండు వారాల తర్వాత పోయాను. ఇంటికి తాళం. గుట్ట దగ్గర గొర్రెలు తోలుకునే ఒకాయన చెప్పాడు. "ఇద్దరూ బెంగుళూరు పాయిరప్పా. ఆయమ్మ పోనని శానా ఏడ్సింది. ఈడ ఏముండాదని ఉంటాది?" టమోటా చెట్లు ఎండిపోయి ఉన్నాయి. ప్రింటు తలుపు సందులోంచి లోపలికి వేద్దామని వంగాను. తిరిగొచ్చినప్పుడు మొదట కనిపించేది అదైతే ఎలా ఉంటుందో తలుచుకుని, మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను.

తర్వాతి ఏడు పెద్దాయన జబ్బుపడి చనిపోయాడు. ఆయన కొడుకు స్టూడియో తన చేతికి తీసుకున్నాడు. మంచివాడే. నన్ను పనిలో ఉంచుకున్నాడు. డార్క్‌రూమ్ గోడ కొట్టించి అక్కడ కంప్యూటరు పెట్టించాడు. డిజిటల్ కెమెరాలు వచ్చాక రీళ్ళ పని పోయింది. రంగు కావాలంటే రంగు, నలుపు తెలుపు కావాలంటే నలుపు తెలుపు, తీశాక తీరిగ్గా ఒక మీట నొక్కి మార్చుకోవచ్చు. పెళ్ళి ఆల్బముల్లో నేను వేసిన రంగులను పక్క కుర్చీలోని కుర్రవాడు సరిచూస్తాడు. నా కళ్ళకు వయసైపోయిందని వాళ్ళకు చెప్పుకున్నాను. కదిరి వచ్చాక నిజం తెలిసిన ఇద్దరిలో ఒకరు పోయారు. ఒకరు బెంగుళూరులో ఎక్కడున్నారో తెలియదు. ఆ కాలంలో కొన్ని వారాలు కస్టమర్లతో తప్ప నా నోటి నుంచి మాట వచ్చేది కాదు.

ఆదివారాలు మాత్రం మానలేదు. ఒకసారి రాప్తాడు దాటి లోపల ఒక బయలు దగ్గర ఆగాను. వాన పడి వారమైనట్టుంది. గాలి చల్లగా ఉంది. ఎక్కడ చూసినా నాకు ఒకే మట్టి రంగు. దూరంగా గొర్రెల మంద, దాని వెనక కంబళి భుజాన వేసుకున్న ముసలాయన. పలకరించి, చాలాసేపు తటపటాయించి అడిగాను.

"తాతా, ఈ బయలు ఇప్పుడు ఏ రంగుండాది?"

ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు. తాగినానేమో అనుకున్నట్టుంది.

"నీకు కండ్లు లేవా అప్పా?"

"ఉండాయి తాతా. ఎరుపూ పచ్చా తెల్దు. పుట్టినప్పట్నుంచి."

ఆయన చేతికర్ర నేలకు ఆనించి, బయలంతా ఒకసారి కలియచూశాడు. ఎవరైనా అడిగితే తప్ప అట్లా చూడడు కాబోలు.

"ఈడీడ గరిక లేసింది. సన్నగ, దూరం నుంచి చూస్తేనే పచ్చగుండాది. దగ్గరికి పోతే మన్నే."

రెండడుగులు వెనక్కి వెయ్యమని చెయ్యి ఊపాడు. వేశాను. ఇంకొంచెం అన్నాడు. వేశాను. "ఇప్పుడు కనపడతాది చూడు" అన్నాడు. నాకేమీ కనపడలేదు. కానీ కెమెరా ఎత్తి, రంగుల్లోనే, ఆయన చెప్పిన చోటు నుంచి ఒకటి తీసుకున్నాను.